తెలుగు లా, తెలుగులా

డిసెంబర్‌లో నా ఎం.ఎస్. అయిపోయింది. వెంటనే మిషిగన్‌లో నేనుండే ట్రాయ్‌లోనే, కార్ల పార్ట్స్ తయారుచేసే కంపెనీలో ఉద్యోగం కూడా వచ్చింది. మా ఇంట్లో పదో తరగతి దాటిన మొదటి మనిషిని నేనే. మా అమ్మ పలాసలో జీడిపిక్కల పనికి వెళ్ళి చదివించిన చదువు ఇది. ఈ సంగతి ఎవరికో ఒకరికి చెప్పకపోతే నాకు ఊపిరాడేలా లేదు. కానీ ట్రాయ్‌లో ఒక తెలుగు మనిషి దగ్గరికి వెళ్ళి నాకు ఎం.ఎస్. ఉందని చెప్పడమంటే, నాకు ముక్కు ఉందని చెప్పడమే. ఉన్న ఇద్దరు రూమ్మేట్లలో ఒకమ్మాయి ఫోన్‌లోంచి తల ఎత్తకుండా కంగ్రాట్స్ అంది. రెండో అమ్మాయి, సింక్‌లో గిన్నెలు ఈ పూట నా వంతని గుర్తుచేసింది.

సరే, నా పార్టీ నేనే చేసుకుందామని మంచులో డ్రైవ్ చేసుకుంటూ బయల్దేరాను. నెయిల్ సెలూన్‌కీ టాక్స్ ఆఫీస్‌కీ మధ్య ఇరుక్కుని ఒక మలేషియా హోటల్ కనిపించింది. మెనూలో బొమ్మ బాగున్న ప్లేటు చూపించి తెమ్మన్నాను. కొబ్బరిపాలతో ఉడికించిన అన్నం, ఎర్రటి కారం, వేరుశనగ గుళ్ళు, వాటి మీద కరకరలాడే నెత్తళ్ళు వచ్చాయి. ఎండు నెత్తళ్ళు, మా ఊళ్ళో దొరికే చిట్టి ఎండుచేపలు. అమెరికా వచ్చాక వాటిని చూడడం అదే మొదలు. వెంటనే అమ్మకి ఫోన్ చేసి, మా ఊరి యాసలో ఆ ప్లేటు వర్ణించడం మొదలుపెట్టాను. కౌంటర్ వెనక నిలబడ్డ ఆవిడ అట్లకాడ పట్టుకుని నా టేబుల్ దగ్గరికి వచ్చేసింది.

"ఏ ఊరు గుంటవే నువ్వు?"

మా శ్రీకాకుళం వైపు ఆడపిల్లని గుంట అంటారు. యూనివర్సిటీలో చేరిన కొత్తలో ఆ మాట నోరుజారి అంటే, తక్కిన జిల్లాలవాళ్ళు ఎక్కడ తవ్వారు, ఎంత లోతు అని నెలల తరబడి ఏడిపించారు. అప్పట్నుంచీ నేను సినిమా హీరోయిన్‌కి డబ్బింగ్ చెప్పేవాళ్ళలా మాట్లాడడం నేర్చుకున్నాను. అలాంటిది మిషిగన్‌లో, మలేషియా హోటల్లో, ఆంధ్ర నేల మీద ఒక్కసారి కూడా కాలు పెట్టని మనిషి నన్ను గుంటా అని పిలిచింది. డిగ్రీ, ఉద్యోగం సంగతి ఆవిడకే మొత్తం చెప్పేశాను. ఆవిడ విని, లోపలికి వెళ్ళి ఇంకో గరిటె నెత్తళ్ళు తెచ్చి వేసింది. నాకు జరిగిన సన్మానం అదొక్కటే.

తర్వాత శనివారాలన్నీ అక్కడే గడిపాను. ఆ హోటల్ నడిపే ఆంటీ సొంతూరు మలేషియాలో బగాన్ దాతూక్. నది సముద్రంలో కలిసేచోట, కొబ్బరితోటల మధ్య చిన్న ఊరు. ఆవిడ ముత్తవ్వని విశాఖపట్నంలో ఓడ ఎక్కించింది ఒక కంగాణీ, అంటే తోటలకి కూలీలని పోగుచేసి పంపేవాడు. అక్కడ చెట్టెక్కితే చాలు, డబ్బులు రాలతాయని చెప్పాడట. ఎక్కాక తెలిసింది, రాలేవి కొబ్బరికాయలని, అవి కూడా దొరవని. నాకు నవ్వొచ్చింది. హైదరాబాద్‌లో నా వీసా పనులు చూసిన కన్సల్టెన్సీవాడు దాదాపు ఇవే మాటలు చెప్పాడు. ఏసీ గదిలో చెప్పాడు, అంతే తేడా.

ఆంటీ ఒక్కో వారం ఒక్కో వంటకం పెట్టి దాంతోపాటు ఒక్కో వీధి చూపించేది. పొరలు పొరలుగా విడిపోయే రొట్టె, దానికి పప్పు, పడవల రేవు దగ్గర తమిళ సాయిబు కొట్టువి. మెత్తటి బియ్యప్పిండి చుట్టలు చీనావాళ్ళ వీధివి. కొబ్బరి అన్నం పక్కింటి మలయ్ ఆవిడ అరిటాకులో కట్టి ఇచ్చేది. ఇంట్లో మాత్రం వంకాయ, ఎండుచేపల పులుసు. తరాలు గడిచేసరికి అందులోకి కొబ్బరిపాలు దూరాయి. చింతపండు మాత్రం చోటు ఖాళీ చెయ్యలేదు. తోటలో ఒకప్పుడు తెలుగు బడి ఉండేదట. ఆంటీ బడి ఈడుకి వచ్చేసరికి అది మూతపడింది. అందుకే ఆవిడకి తెలుగు మాట్లాడడం వచ్చు గానీ, చదవడం రాదు.

అదే రోజుల్లో మా చుట్టుపక్కల కుటుంబాలు ఉగాది కమిటీ వేసుకుని, ఒక స్కూల్ హాల్ బుక్ చేశాయి. కొత్తగా వచ్చిన పిల్లల్ని వాలంటీర్లంటారు కాబట్టి ఫుడ్ స్టాల్స్ పని నా నెత్తిన పడింది. ఆంటీతో అంటే ఆవిడ చేస్తున్న రొట్టె ఆపేసి అడిగింది.

"నాకూ ఒక బల్ల ఇప్పించవా? అక్కడ ఇస్కూల్లో మమ్మల్ని తమిళోళ్ళనేవోరు. ఇక్కడికొస్తే మలేషియనంటారు. ఒక్కపాలి తెలుగోళ్ళ మధ్యన తెలుగుదాన్లాగ నిలబడాలనుంది."

ఇప్పిస్తానని మాటిచ్చేశాను. కొత్త డిగ్రీ కదా, ప్రపంచం నా మాట వింటుందనే నమ్మకం ఇంకా వాడిపోలేదు.

స్టాల్ పెట్టేవాళ్ళతో కమిటీ జూమ్‌లో మాట్లాడింది. ప్రెసిడెంట్ అంకుల్ గుంటూరాయన. ఫ్లైయర్ మీద "అచ్చ తెలుగు రుచులు" అని పెద్దక్షరాల్లో వేయించాడు. దాని కింద మెనూ: గోబీ మంచూరియా, పనీర్ బటర్ మసాలా, పిల్లల కోసం పాస్తా. ఆంటీ చీర కట్టుకుని, బొట్టు దిద్దుకుని కెమెరా ముందు కూర్చుంది. మీది తెలుగు ఫ్యామిలీయేనా అండీ అని అంకుల్ అడిగాడు.

"మాది తెలుగు లా" అంది ఆంటీ, ఎంతో గర్వంగా.

మలేషియాలో ఏ భాష మాట్లాడినా మాట చివర లా అని తగిలిస్తారు. మనం కదా అన్నట్టు, లే అన్నట్టు. అన్నం తిను లా, రేపు రా లా. తెలుగు లా అంటే తెలుగే కదా మరి అని. ఆవిడ మధ్యలో విడిచిన ఆ కాస్త ఖాళీ నాకు వినిపించింది. కమిటీకి వినిపించలేదు. ఆంటీ కాల్ కట్ చేయగానే అంకుల్ తీర్పు చెప్పాడు.

"ఆవిడే ఒప్పుకుంది కదమ్మా. తెలుగు అన్లా, తెలుగులా అంది."

నేను వివరించాను. లా గురించి, కొబ్బరితోట గురించి, ముత్తవ్వ ఓడ గురించి, చదివి వచ్చిన దాన్ని కాబట్టి అవసరానికి మించే వివరించాను. అందరూ సరదాగా నవ్వారు. ట్రెజరర్ ఆంటీ అదంతా సరే గానీ, ఆ ఎండుచేపల వాసన పట్టుచీరలకి పడితే డ్రైక్లీనింగ్‌లో కూడా పోదంది. మంచూరియా తెనాలికి ఏ వైపు అంకుల్ అని అడిగాను. ఆయనకి కోపం రాలేదు, జాలి వచ్చింది. మంచూరియా మనం చిన్నప్పట్నుంచీ తింటున్నాం కదమ్మా అన్నాడు. చివరికి ఆంటీకి ఒక బల్ల మంజూరైంది. రెస్ట్‌రూమ్‌ల పక్కన, మెక్సికన్ టాకోలవాడితో కలిపి, "ఇంటర్నేషనల్ కార్నర్"లో.

మర్నాడు వెళ్ళి చెప్పాను. తెలుగులానా అని ఆంటీ మొదట పడీ పడీ నవ్వింది. కళ్ళు తుడుచుకుంది. తర్వాత స్టవ్ ఆపేసింది.

"ఆ మూలకి నేను రాను. నాకు తెలుసు ఆ మూల. పుట్టిన కాడ్నుంచీ ఆడే ఉన్నాను."

ఆవిడని నేనిక బతిమాలలేదు. ఆంటీ రావడం లేదని కమిటీకి మెసేజ్ పెడితే, ట్రెజరర్ ఆంటీ బొటనవేలు బొమ్మ పెట్టింది.

ఉగాది ఆదివారం వచ్చింది. ఉదయం హాల్లో కుర్చీలు సర్దుతుంటే ప్రెసిడెంట్ అంకుల్ పార్కింగ్ లాట్‌లో ఫోన్ పట్టుకుని అటూ ఇటూ తిరుగుతున్నాడు. భోజనాలు తేవాల్సిన క్యాటరర్ అదే రోజు ఏదో పెద్ద పెళ్ళికి ఒప్పుకుని, మన అచ్చ తెలుగు రుచుల్ని గాలికి వదిలేశాడట. మధ్యాహ్నానికి హాల్ నిండా జనం వస్తారు. పిజ్జా ఆర్డర్ చేద్దామా అని ఎవరో అంటే, పిల్లలు చప్పట్లు కొట్టారు. అంకుల్ నా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు.

"అమ్మా, మీ తెలుగు ఆంటీ ఉన్నారు కదా, ఆవిడకొక ఫోన్ చేస్తావా?"

నెల రోజులు చెవులకెక్కని, తెలుగుకీ లాకీ మధ్య ఖాళీ ఒక్క పూట ఆకలికి వినిపించింది. స్పీకర్ ఆన్ చేసి కలిపాను. ఆంటీ ఆయన చెప్పిందంతా విని, బల్ల ఎక్కడ వేస్తారని అడిగింది. మధ్యలో, స్టేజీ ఎదురుగా అన్నాడు. బోర్డు మీద ఏం రాస్తారని అడిగింది. తెలుగు వంట అని రాయిస్తానన్నాడు. వెనక నుంచి ట్రెజరర్ ఆంటీ మెల్లిగా, ఆ చేపలు మాత్రం వద్దని చెప్పండి అంది. అది ఆంటీకి వినిపించింది.

"పండగపూట నీచు ఎవురొండుతారమ్మా? మాకు ఆమాత్రం తెల్దా?"

ఇద్దరు పనివాళ్ళతో, హోటల్లో ఉన్న పెద్ద గిన్నెలన్నిటితో ఆంటీ వచ్చింది. నెత్తళ్ళు లేని కొబ్బరి అన్నం, రొట్టెలు, పప్పు, వంకాయ పులుసు. లైన్ స్టేజీ చుట్టూ తిరిగింది. ఈ పులుసు మా అమ్మమ్మ చేసినట్టే ఉందని ఎవరో అంటే, మీ అమ్మమ్మది ఏ ఊరమ్మా అని ఆంటీ గరిటె ఆపి మరీ అడుగుతోంది. వెనకవాళ్ళు విసుక్కుంటున్నా ఆమె పట్టించుకోలేదు. టాకోలవాడు కూడా తన బల్ల వదిలేసి వచ్చి ఒక ప్లేటు పట్టుకెళ్ళాడు.

అందరూ తిన్నాక ప్రెసిడెంట్ అంకుల్ మైకు అందుకున్నాడు. ఇన్నేళ్ళుగా తెలుగుదనాన్ని తాను ఎలా కాపాడుతున్నాడో కొంతసేపు చెప్పి, ఆ తర్వాత మన తెలుగింటి ఆడపడుచు అంటూ ఆంటీ వైపు చెయ్యి చూపించాడు. ఆంటీ నా చెవిలో, ఈయన పెళ్ళాం మొహం కూడా నేను చూడలేదే, నేనెప్పుడు ఆమెకి ఆడపడుచునయ్యాను అని అడిగింది. ఇక్కడ ఆ మాటకి ఇంటి ఆడబిడ్డ అనే అర్థం అని చెప్పాను. ఆవిడ గరిటె నా చేతికిచ్చి, స్టేజీ దగ్గరికి నడిచింది. అంకుల్ రెండోసారి వడ్డించుకుందామని కిందికి దిగుతున్నాడు. ఒక చేతిలో మైకు, ఒక చేతిలో ప్లేటు.

"తమ్ముడూ, ఆడపడుచునంటే లాంఛనం ఉంటాది కదా. నాకు చీరొద్దు. వచ్చే ఉగాదికి మెనూ నేను చెప్తాను."

మైకు ఆన్‌లోనే ఉంది. హాలంతా విన్నది. అంకుల్ మంచూరియా అని ఏదో అనబోయి, ఆంటీ వెనక గిన్నెల వైపు చూశాడు, చేతిలో ఖాళీ ప్లేటు వైపు చూసుకున్నాడు.

"అలాగే అక్కా" అన్నాడు.