దేవుడి ముఖం మీద ఊదరు: నంద్యాల మీదుగా ఆళ్ళగడ్డ శిల్పుల షెడ్డుకు

ఒక మనిషి ఊపిరి గురించి అతనికి తెలియని చెడ్డ కబురు నా చేతిలో ఉండి, దాన్ని బాగుచేసే దారి మాత్రం నా దగ్గర లేనప్పుడు, ఆ కబురు చెప్పాలా, వద్దా? పనిచోట్ల దుమ్మూ పొగా మనుషుల ఒంటిని ఏం చేస్తాయో పరిశోధించడం నా ఉద్యోగం. ఆ ఉద్యోగంలో చేరిన కొత్తలోనే ఈ ప్రశ్న నన్ను పట్టుకుంది. బేతంచెర్లలో నాపబండలు కోసే ఒకాయనకు ఊపిరి పరీక్ష చేసి, ఫలితం బాగాలేదని చెబితే, పక్కనే నిలబడ్డ ఆయన భార్య నన్ను ఎగాదిగా చూసి, "సరే, చెప్తివి. రేపు పనికి పోవాల్నా, వద్దా? అదీ నువ్వే చెప్పు" అంది. ఆ తర్వాత నా తల సగం నెరిసింది కానీ జవాబు మాత్రం దొరకలేదు.

ఈసారి ప్రయాణానికి నేను ఇంత ఉబలాటపడటానికి కారణం ఉంది. మొదటిసారి, చెడ్డ కబురుతో పాటు ఒక వస్తువు కూడా పట్టుకెళ్తున్నాను. మా విశ్వవిద్యాలయం ల్యాబ్‌లో ఒక దుమ్ము పీల్చే గొట్టం తయారుచేశాం. చూడటానికి ఇల్లు ఊడ్చే మిషనుకు తమ్ముడిలా ఉంటుంది. లోపల సన్నటి దుమ్మును పట్టే జల్లెడ, బయట ఎటైనా వంగే పైపు, చివర అరచేయంత వెడల్పు మూతి. ఉలి పక్కన దాన్ని బిగిస్తే రాతి దుమ్ము మనిషి ముక్కు దాకా రాకముందే లాగేసుకోవాలి. ల్యాబ్‌లో లాగుతోంది. శిల్పి చేతి పక్కన లాగుతుందా అన్నదే చూడాలి.

ఆళ్ళగడ్డలో బ్రహ్మయ్య ఆచారి గారు తన షెడ్డులో ప్రయత్నించడానికి ఒప్పుకున్నారు. ఫోనులో ఒక షరతు కూడా పెట్టారు. "నా ఊపిరి కొలిచి, ఉన్నదున్నట్టు చెప్పాల. మా పాప ముఖం పని నేర్పమంటాంది. నా రొమ్ము బాగుంటే నేర్పుతా. లేదంటే ఉలి ఇయ్యను." శిల్పుల ఇళ్ళలో ముఖం పని అంటే చివరి మెట్టు. ఒళ్ళు, నగలు, పీఠం ఎవరైనా చెక్కవచ్చు. ముఖం మాత్రం ఇంటి పెద్ద చేతికే. అది రానివాళ్ళు ఎంత చెక్కినా సహాయకులే. ఒక అమ్మాయి శిల్పి అవుతుందా, సహాయకురాలిగానే మిగిలిపోతుందా అన్నది నేను తెచ్చే ఫలితం మీద ఆధారపడి ఉందన్నమాట. రాత్రి బస్సులో హైదరాబాదు నుంచి వస్తున్నంతసేపూ ఆ మాటే.

నంద్యాల చేరేసరికి ఆరు దాటింది. ఇటు వచ్చేవాళ్ళకు నా సలహా: బస్టాండు బయట బండి దగ్గర బొరుగులతో చేసే ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తినకుండా ముందుకు కదలొద్దు. నలభై రూపాయల్లో మధ్యాహ్నం దాకా ఆకలి మాట ఎత్తరు. అక్కడి నుంచి కడప వైపు వెళ్ళే ఏ బస్సైనా ఆళ్ళగడ్డలో ఆగుతుంది, గంట ప్రయాణం. ఆడవాళ్ళకు ఉచితమని విన్న నేను దర్జాగా ఆధార్ కార్డు చూపించాను. కండక్టరు దాన్ని తిప్పి చూసి, "ఇది తెలంగాణా కార్డు గదా మేడం. ఈడ దుడ్లు ఇయ్యాల్సిందే" అన్నాడు. వెనక సీటు పెద్దావిడ, "పోనీలేప్పా, నా కార్డుకు ఇద్దరిని రాసుకో, నేను సన్నంగ ఉండా" అనేసరికి బస్సంతా నవ్వింది. డెబ్భై అయిదు రూపాయలు ఇచ్చి కిటికీ పక్కన కూర్చున్నాను. ఎడమవైపు నల్లమల మంచులో నీలంగా కనబడుతోంది. నల్లరేగడిలో శనగ కోతకు వచ్చింది. చేలో పనిచేస్తున్న ఆడవాళ్ళు ముక్కుల మీదుగా కొంగులు చుట్టుకుని ఉన్నారు. వృత్తిరీత్యా నాకు మొదట కనిపించేవి ఇలాంటివే.

ఆళ్ళగడ్డలో ఆటో ఎక్కితే డ్రైవరు దేవదానం నా పెట్టెను చూసి ఏముందని అడిగాడు. చెప్పాను. "నేనూ ఆ దుమ్ము తిన్నోణ్ణే మేడం. బేతంచెర్లలో పాలిష్ మిషన్ కాడ ఉంటి. డాక్టరు ఒద్దంటే ఇడిసిపెడితి" అన్నాడు. చెప్పడం మంచిదే అయింది కదా అన్నాను ఆశగా. అద్దంలో నన్ను చూశాడు. "చెప్పినంక చానా దినాలు నిద్ర పట్టలే. ప్రతి దగ్గుకూ సచ్చిపోతాననుకుంటాంటి. చెప్పకుంటే ఆడనే ఉంటాంటి. రెండూ నిజమే." ఎనభై అడిగి, పెట్టెను లోపలి దాకా మోసుకొచ్చి పెట్టాడు.

షెడ్డు రోడ్డు పక్కనే. మూడు వైపులా తెరిచి, పైన రేకులు. ముందు వరసలో నందులు, వినాయకులు, వెనక నడుం దాకా తయారైన రాజకీయ నాయకులు. ఒక మూల నా అంత ఎత్తు అమ్మవారు. కంటె, వడ్డాణం, చీర కుచ్చిళ్ళు అన్నీ పూర్తయ్యాయి. ముఖం ఉండాల్సిన చోట మొరటు రాయి ముద్ద అలాగే ఉంది. ఆ ఒళ్ళంతా చెక్కింది ఆచారి గారి కూతురు రాజేశ్వరి. పాతికేళ్ళు ఉంటాయేమో. పైట నడుముకు దోపుకుని, జుట్టు నిండా బూడిద రంగు దుమ్ముతో వచ్చి నా చేతిలోని గొట్టం తీసుకుంది. "ఇదేనా అక్కా? ఏనుగు తొండమున్నట్టుంది."

ముందుగా దుమ్మును కొలిచే చిన్న మీటరును ఆచారి గారి చొక్కా కాలరుకు తగిలించాను. గాలిలో దుమ్ము పెరిగితే దాని తెర మీద గీత పైకి లేస్తుంది, తగ్గితే పడుకుంటుంది. ఆయన నీళ్ళ చుక్కలు పడుతుండగా మిషనుతో రాయి కోశారు. గీత కొంచెం లేచింది. తర్వాత ఒక నాయకుడి ముఖం ముందు కూర్చుని ఉలి అందుకున్నారు. ఇక్కడ నీళ్ళు వాడరు. తడిసిన రాయి నల్లబడి సన్నటి వంపులు కంటికి దొరకవట. నాలుగు దెబ్బలు కొట్టి, ముఖానికి ముఖం ఆనించినంత దగ్గరగా వంగి, ఉఫ్ అని ఊదారు. గీత నిలువునా లేచి తెర అంచును తాకింది. మళ్ళీ కొట్టడం, మళ్ళీ ఊదడం, మళ్ళీ గీత లేవడం. ఎన్నో షెడ్లలో దుమ్ము కొలిచాను కానీ అన్నిచోట్లా మిషన్ల వైపే చూశాను. నోటితో ఊదే ఆ ఒక్క క్షణాన్ని ఎప్పుడూ విడిగా చూడలేదు.

"అమ్మవారి ముఖానికి కూడా ఇలాగే ఊదుతారా అన్నా?" అని అడిగాను.

ఆయన చెంపలు వేసుకున్నారు. "శివశివా! దేవుని ముఖం మీద ఎంగిలి గాలి పడొచ్చునా? మూతికి గుడ్డ కట్టుకుంటాం. దుమ్ము కుంచెతో తుడుస్తాం. మా తాత కాలం నుంచి అంతే."

"మరి ఈయన మీద?"

"ఈయప్పకేమైతాది? బతికుండంగ ఎన్ని తిట్లు పడలేదా, గాలికేం?" అని మళ్ళీ ఊదారు. రాజేశ్వరి పగలబడి నవ్వింది. నేను మాత్రం గుడ్డ కట్టుకుని, కుంచెతో తుడిచి చూపించమని బతిమాలాను. చూపించారు. గీత సగానికి పైగా దిగింది. ఎంగిలి అంటకూడదని పెట్టుకున్న ఆచారం దుమ్ముకు కూడా అడ్డం పడుతోంది. కానీ దేవుళ్ళ దగ్గర మాత్రమే. నాయకుల దగ్గర, సింహాల దగ్గర, జయవిజయుల దగ్గర ఊదుడే. ఆ క్షణంలో నాకు గంతులు వేయాలనిపించింది, నలభై దాటినదాన్నని గుర్తుచేసుకుని ఊరుకున్నాను.

మధ్యాహ్నం ఆచారి గారి భార్య ఈశ్వరమ్మ జొన్నరొట్టెలు, వంకాయ కూర, ఊరిబిండి పెట్టింది. ఊరిబిండి అంటే వేరుశనగపప్పు పచ్చడి, రొట్టె కంటే అదే ఎక్కువ తిన్నాను. చేతులు కడుక్కునే తొట్టి దగ్గర రాజేశ్వరి గొంతు తగ్గించింది. "అక్కా, నాయనది ఎట్లొచ్చినా బాగుందనే చెప్పు."

"అబద్ధం చెప్పలేను రాజీ."

"అబద్ధమెందుకు? రోంత ఆలస్యం చెయ్యి. అమ్మవారి ముఖం నేను చేసేదాంక. ఆ పైన చెప్పుకో." ఆ కళ్ళలోకి చూసి కాదనడం చాలా కష్టం. తొట్టిలోంచి నీళ్ళు ముంచి చాలాసేపు చేతుల మీద పోసుకున్నాను.

ఊపిరి పరీక్ష చేయాలంటే గుండెల నిండా గాలి పీల్చి, ఒక్క ఉదుటున పరీక్ష మిషను గొట్టంలోకి ఊదాలి. "పొద్దన్నుంచి ఊదొద్దంటాంటివి, ఇప్పుడేమో ఊదమంటావు. ఏందమ్మా నీ చదువు?" అన్నారు ఆచారి గారు. ఊదారు, దగ్గారు, మళ్ళీ ఊదారు. ఆయన వయసుకూ ఎత్తుకూ ఉండాల్సినదానికంటే ఊపిరి బాగా తక్కువగా వచ్చింది. రాజేశ్వరి నా వైపే చూస్తోంది. ఆయనా నా వైపే చూస్తున్నారు. ఊపిరి ఆయనది, అడిగిందీ ఆయనే. చెప్పాను. ఇది ఏ జబ్బో ఈ పరీక్ష తేల్చదని, దుమ్ము వల్లనే అని కూడా ఇప్పుడే అనలేనని, నంద్యాలలో ఛాతీ డాక్టరు దగ్గర ఎక్స్‌రే తీయించుకోవాలని కూడా చెప్పాను.

ఆయన తన ముఖం పని ఉలిని గుడ్డలో చుట్టారు. "అయితే ఆ ముఖం గూడా నేనే చేస్తా. పాపకొద్దు."

"అది మీకూ మంచిది కాదన్నా."

"నాకు కావాల్సింది నాకు తెలుసులే."

రాజేశ్వరి లేచింది. మూతికి గుడ్డ బిగించి కట్టింది. నాయన కాలరు నుంచి మీటరు తీసి తన భుజం దగ్గర పైటకు తగిలించుకుంది. మా గొట్టం మూతిని నాయకుడి చెంప పక్కన బిగించి, మిషను వేసి, కూర్చుని తన ఉలితో చెక్కడం మొదలుపెట్టింది. ఆచారి గారు గోడ వైపు తిరిగి కూర్చున్నారు. తర్వాత ఓరగా చూశారు. ఆ తర్వాత ఇక ఆగలేకపోయారు.

"యాడ పెడితివే దాన్ని? వెలుతురుకు అడ్డం! ముక్కు మీద నీడ పడ్తాంటే వంపు ఎట్ల కనబడ్తాది నీకు?"

"యాడ పెట్టాల్నో నువ్వే చెప్పు మల్ల!"

"గడ్డం కింద పెట్టు. దుమ్ము కిందికే గదా పడేది!" అంటూ లేచి వచ్చి, తానే విప్పి, తానే బిగించారు. రాజేశ్వరి నాలుగు దెబ్బలు కొట్టి కుంచెతో తుడిచింది. నేను తెర చూశాను. గీత తెర అడుగున అలాగే పడుకుని ఉంది. మళ్ళీ కొట్టింది. మళ్ళీ లేవలేదు. "లేవలేదు! చూడండి, లేవలేదు!" అని అరిచానట నేను. ఈశ్వరమ్మ వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చి ఎవరు పడిపోయారని అడిగింది.

నేనే ఉత్సాహం అణుచుకుని, ఇది ఒక్క పూట కొలత అని, రాయి మారితే, గాలి మారితే గీత కూడా మారవచ్చని, గుడ్డ చాలదు, ముఖానికి అతుక్కునే సరైన మాస్కు కావాలని చెప్పాను. ఆచారి గారు విన్నారు. అమ్మవారి దగ్గరికి వెళ్ళి, ముఖం లేని ఆ రాయి మీద చెయ్యి వేసి కాసేపు నిలబడ్డారు.

"ఇంగ ఈ షెడ్డులో ఏ ముఖమైనా దేవుని ముఖమే. నాయకుడైనా, సింహమైనా. నోటితో ఊదినట్టు కండ్లబడితే ఆ పొద్దే ఉలి లాక్కుంటా. ఈ దుమ్ము మిషన్ లేకుంటే పని లేదు."

"కరెంటు పోతే?" అంది రాజేశ్వరి.

"కరెంటు పోతే గమ్మున కూర్చో."

"నువ్వూ ఊదకూడదు నాయనా."

ఆయన గుడ్డ విప్పి ఉలి తీసి ఆమె చేతిలో పెట్టారు.

సాయంత్రం బస్సులో ఆచారి గారు నాతోపాటే నంద్యాల వచ్చారు, ఎక్స్‌రే కోసం. నంద్యాల దగ్గరపడ్డాక, "నువ్వు చెప్పకుంటే ఈ బస్సెక్కేవాణ్ణి కాదు. మంచికో చెడ్డకో తర్వాత తెలుస్తాది" అన్నారు. ఆస్పత్రి ముందు దిగేసరికి నా ఫోనుకు ఫోటో వచ్చింది. మూతికి గుడ్డ కట్టుకున్న రాజేశ్వరి, అమ్మవారి గడ్డం కింద నేను వదిలివచ్చిన మా తొండం, మొరటు ముద్దలోంచి అప్పుడే బయటికొస్తున్న ముక్కు. పరిశోధన అంటే పత్రాలు రాయడమేననుకునేదాన్ని, రోడ్డు మీద నిలబడి ఒక ముక్కును చూసి కళ్ళు తుడుచుకున్నాను.

మీరూ ఆళ్ళగడ్డ షెడ్లు చూడటానికి వెళ్తే ఉదయం వెళ్ళండి, చెక్కేవాళ్ళ ఎదురుగా కాకుండా గాలి వచ్చే వైపు నిలబడండి, మీ కోసం మంచి మాస్కు ఒకటి పెట్టుకుని, శిల్పికి ఇవ్వడానికి ఇంకొకటి తీసుకెళ్ళండి. ఇక ఆ పాత ప్రశ్న. ఆచారి గారికి చెప్పడం మంచిదేనని ఆ బస్సులో నాకు అనిపించింది, ఇప్పటికీ అలాగే అనిపిస్తోంది. కానీ ఆ గొట్టం నా చేతిలో లేకపోయి ఉంటే అంత సూటిగా చెప్పేదాన్నా? గొట్టం చూపించి, ఆ పిల్లను దుమ్ముకు దూరం చేశానా, దుమ్ము ముందు నేనే కూర్చోబెట్టానా? ఆ ఫోటో చూసిన ప్రతిసారీ నాకు సంతోషమే కలుగుతోంది. ఆ సంతోషాన్ని నమ్మవచ్చో లేదో మాత్రం తేల్చుకోలేకపోతున్నాను.