పగడపు దిబ్బ మీద చిన్న ప్రార్థన

ఫ్లోరిడా దక్షిణ కొసన పగడపు దిబ్బలు చూపించే బోటు నేనూ నా భార్యా ఎక్కాం. నాకు ఈత రాదు. లైఫ్ జాకెట్ తేలుస్తుందని గైడ్ ఎంత చెప్పినా నా భయం తగ్గలేదు. నీళ్లలోకి దిగే ముందు "చిన్న ప్రార్థన చేయొచ్చా?" అని అడిగాను. అందరూ మర్యాదగా తలలు వంచారు.

జెర్సీ సిటీలోని మా తెలుగు క్రైస్తవ సహవాసంలో ఎంత చిన్న ప్రార్థనైనా దేవుడు ఆరు రోజుల్లో చేసిన సృష్టి దగ్గరే మొదలవుతుంది. ఇంగ్లీషులోనే మొదలుపెట్టి వెలుగు, ఆకాశం, ఆరిన నేల దాటి సూర్యచంద్రుల దాకా వచ్చాను.

"ఏమండీ, షార్ట్‌గా ముగించండి. అందరూ కాళ్లకు ఫిన్స్ తొడుక్కుని నిలబడ్డారు" అని నా భార్య గుసగుసలాడింది.

పక్కనున్న అమెరికన్ పెద్దావిడ కళ్లు తెరవకుండానే, "చేపలు ఐదో రోజున కదా బ్రదర్. అవి కిందే ఉన్నాయి, మిగతాది వాటి దగ్గరే కానిద్దాం పదండి" అంది.

మా సంఘంలో ప్రార్థన మధ్యలో ఎవరూ అడ్డు రారు. నేను తేరుకునేలోగా ఆవిడ నా చెయ్యి పట్టుకుని నీళ్లలోకి దింపేసింది.

కింద పగడాల మధ్య పసుపు చారల చేపలు గుంపులుగా తిరుగుతున్నాయి. భయం ఎటు పోయిందో తెలియదు. స్తోత్రం చెబుదామంటే నోట్లో ఊపిరి పీల్చే గొట్టం ఉంది. మనసులోనే చెప్పుకున్నాను.

నేను చేసిన ప్రార్థనలన్నిటిలో అదే శ్రేష్ఠమైనదని నా భార్య మరుసటి ఆదివారం సంఘంలో సాక్ష్యం చెప్పింది.