పోస్టాఫీసులో మింగిన మాట

డెబ్బైల చివర్లో ధర్మసాగర్‌లో నేను కొత్త నర్సును. ఊరికి ఒకటే ఫోను, అది పోస్టాఫీసులో ఉండేది. రోగిని చూడని డాక్టరుకు ఫోనులో ఎలా చెప్పాలో వరంగల్‌లో మాకు వారం రోజులు నేర్పారు. "కాన్పయినంక ఎన్ని బట్టలు తడిసినయో లెక్క చెప్పాలె. నాలుగు దాటితే జీపు పంపుత. గట్టిగ చెప్పుండ్రి!" అని డాక్టరమ్మ మా చేత పక్క గదికి వినబడేలా అరిపించేవారు. అందరికంటే గట్టిగా అరిచింది నేనే.

ఒక మధ్యాహ్నం ఒక బాలింతకు రక్తం ఆగలేదు. పోస్టాఫీసుకు పరుగెత్తాను. లోపల పోస్టుమాస్టరు, పింఛనుకు వచ్చిన ముసలాళ్లు, నా వెనకే వచ్చిన ఆమె భర్త. అందరూ మగవాళ్లే. లైను కలిసింది.

"ఎన్ని బట్టలు?" అని డాక్టరమ్మ అడిగారు.

ఐదు బట్టలు తడిశాయి. ఆ ఒక్క మాట గొంతు దాటలేదు. పాడు సిగ్గు! "జర ఎక్కువనే పోతాంది మేడం" అని గొణిగాను.

"జర అయితే సూది వేసి సాయంత్రం బస్సుకు తీస్కరా."

లైను తెగింది. మళ్లీ కలపమని పోస్టుమాస్టరును ఏడుస్తూ బతిమాలాను. ఆయన ఎంత తిప్పినా కలవలేదు. బస్సు రాకముందే ఆమె పోయింది.

మర్నాడు ఆమె భర్త నా గుమ్మంలో నిలబడ్డాడు. తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"మమ్ముల జర బయటికి పోండ్రి అంటే పోయెటోళ్లం గద, సిస్టరమ్మా" అన్నాడు.