ఆటో ట్రాకింగ్‌లో పోయిన దుద్దు

మెటల్ డిటెక్టర్ సరదా కోసం కొన్నాను. వారమంతా నోయిడా ఆఫీసులో స్క్రీను ముందు గడిపాక, ఆదివారం పొద్దున మయూర్ విహార్‌లో మా సొసైటీ వెనక పార్కులో దాన్ని తిప్పుతుంటే ప్రాణం హాయిగా ఉండేది. దొరికేవి సీసా మూతలు, తుప్పు మేకులు. అయినా వాకింగ్‌కొచ్చినవాళ్ళు ఆగి ప్రశ్నలడుగుతుంటే పెద్ద నిపుణుడిలా జవాబులు చెప్పేవాణ్ణి.

మా కింది ఫ్లాట్లో ఒక తెలుగు జంట ఉండేది. అంకుల్ ప్రభుత్వంలో పెద్ద ఉద్యోగం చేసి రిటైరయ్యారు, మా సొసైటీకి సెక్రటరీ. ఆంటీకి మతిమరుపు జబ్బు ముదిరిపోయింది. ఒక్కోరోజు భర్తనే "ఎవరండీ మీరు?" అని అడిగేది. ఆమెను చూసుకోవడానికి ఏజెన్సీ పంపిన ఝార్ఖండ్ ఆవిడ ఉండేది. నలభై దాటిన మనిషి. అందరం దీదీ అనేవాళ్ళం. ఆంటీని ఆమె 'మాజీ' అనేది, అంటే అమ్మగారు. ఆమె చేత్తో పెడితేనే ఆంటీ తినేది. తెలుగు ముక్క రాని దీదీ "తినమ్మా, తిను" అన్న రెండు మాటలు మాత్రం నేర్చుకుంది.

ఒక శనివారం సాయంత్రం దీదీ ఆంటీని పార్కులో తిప్పి తీసుకొచ్చేసరికి ఆంటీ చెవికి ఏడు రాళ్ళ దుద్దు ఒకటి లేదు.

"మాజీయే లాగి విసిరేసింది సాబ్. నేను చెయ్యి పట్టుకునేలోపే. బెంచీ దగ్గర వెతికాను, చీకటి పడిపోయింది" అంది దీదీ.

అంకుల్ నాకు ఫోన్ చేశారు. "ఏమోయ్, రేపు పొద్దున నీ మిషన్ పట్టుకురా. ఈవిడ సంగతి తేల్చేద్దాం."

మర్నాడు పది మంది చుట్టూ చేరారు. ఆ పార్కులో గడ్డి కింద ఉన్నదంతా పాత ఇళ్ళు కూల్చిన మల్బా, ఇటుక పొడి. అలాంటి నేలలో ఇనుము కలిసి ఉంటుంది. లోహం లేకపోయినా మిషన్ కూస్తూనే ఉంటుంది. ఆ గోల తగ్గించడానికి ఆటో ట్రాకింగ్ అని ఒక ఏర్పాటుంది. అది వేస్తే, మనం నడుస్తున్నంతసేపూ మిషన్ నేల తీరు తనే కనిపెట్టి, ఆ చప్పుడు తనే అణిచేసుకుంటుంది. అది వేశాను. మిషన్ నెమ్మదించింది. నేను తలెత్తి అందరివంకా ఒకసారి చూశాను.

బెంచీకి నాలుగడుగుల దూరంలో సన్నగా ఒక కూత వినిపించింది. ఆగి, అక్కడే మళ్ళీ తిప్పాను. నిదానంగా అటూ ఇటూ, పదే పదే. ప్రతిసారీ కూత ఇంకాస్త సన్నబడింది. పదోసారికి ఏమీ వినపడలేదు.

"నేల చప్పుడే. ఇక్కడేం లేదు" అన్నాను.

దీదీ ముందుకొచ్చింది. "భయ్యా, కూసింది కదా. నేనూ విన్నాను. కొంచెం తవ్వి చూడండి."

చిన్న తవ్వుకోల నా జేబులోనే ఉంది. పది మంది ముందు ఒక ఆయా నాకు పని నేర్పడం నాకు నచ్చలేదు. "దీదీ, మెషీన్ ఝూఠ్ నహీఁ బోల్తీ" అన్నాను. ఎవరో నవ్వారు. మిషన్ అబద్ధమాడకపోతే ఆడిందెవరో అందరికీ అర్థమైపోయింది.

ఆమె సంచిని మెట్ల దగ్గర బోర్లించారు. రెండు చీరలు, దువ్వెన, మడతపెట్టిన ఆధార్ కాగితం, సత్తుపిండి డబ్బా. పిండిని కూడా గచ్చు మీద కుమ్మరించి చూశారు. సొసైటీ కమిటీ ఆడవాళ్ళిద్దరు ఆమెను బాత్రూంలోకి తీసుకెళ్ళి బట్టలు విప్పించారు. ఆ బట్టలు తలుపు సందులోంచి బయటికొచ్చాయి.

"వాటి మీద కూడా ఓసారి తిప్పవోయ్" అన్నారు అంకుల్.

తిప్పాను. జాకెట్టు దగ్గర గట్టిగా కూసింది. అందరూ ముందుకు వంగారు. పిన్నీసు.

ఏమీ దొరక్కపోవడమే ఆమె తెలివికి రుజువైంది. అంకుల్ ఏజెన్సీకి ఫోన్ చేశారు, వాళ్ళు ఆమె పేరు కొట్టేశారు. వెళ్ళిపోతుంటే ఆంటీ గుమ్మంలోకొచ్చి "అమ్మా, అమ్మా" అని చంటిపిల్లలా పిలిచింది. దీదీ వెనక్కి తిరిగి "తినమ్మా, తిను" అంది. ఎవరో తలుపు వేసేశారు.

చలికాలం వచ్చాక ఒక ఆదివారం తోచక, నా ఉంగరాన్ని ఇటుక పొడి నిండిన కుండీలో పాతిపెట్టి మిషన్‌తో ఆడుకుంటున్నాను. ఆటో ట్రాకింగ్ వేసే ఉంది. మొదటిసారి కూసింది. అక్కడక్కడే తిప్పేకొద్దీ కూత సన్నబడి ఆగిపోయింది. ఉంగరం ఉన్నచోటే ఉంది. మిషన్ అట్టపెట్టెలోంచి, దాంతోపాటు వచ్చినా అంతకు ముందెప్పుడూ తెరవని పుస్తకం తీశాను. ట్రాకింగ్ వేసి ఒకేచోట పదేపదే తిప్పితే, మిషన్ ఆ వస్తువును కూడా నేలలో కలిపేసుకుంటుందని రాసి ఉంది.

పార్కుకు పరిగెత్తాను. ట్రాకింగ్ తీసేశాను. బెంచీకి దూరంగా, లోహమేదీ లేని చోట, మిషన్ అడుగున ఉండే కాయిల్‌ని నేల మీదికి దించుతూ ఎత్తుతూ నేలకు తగ్గట్టు చేత్తోనే సరిచేసుకుని, ఆ నాలుగడుగుల దగ్గరికొచ్చాను. కూసింది. ఎన్నిసార్లు తిప్పినా కూస్తూనే ఉంది. రెండు వేళ్ళ లోతులో, వంకర పోయిన శీలతో సహా దుద్దు.

అంకుల్ దాన్ని కుళాయి కింద కడిగి, వెలుతురులో రాళ్ళు లెక్కపెట్టారు. "చూశావా? భయపడి తెచ్చి పడేసిపోయింది."

"కాదంకుల్. ఆ రోజూ ఇది అక్కడే ఉంది. నేనే మిషన్ సరిగ్గా వాడలేదు. తప్పు నాది."

"నువ్వే కదయ్యా మిషన్ అబద్ధం చెప్పదన్నావు? అందరూ విన్నారు." దుద్దును రుమాల్లో చుట్టుకున్నారు. "ఇంతటితో వదిలెయ్."

గార్డు చెప్తే, దగ్గర్లోనే ఉన్న చిల్లా గాఁవ్‌లో దీదీ గది పట్టుకున్నాను. పెళ్ళిళ్ళకు వంటలు చేసేవాళ్ళకి ఉల్లిపాయలు తరుగుతోంది. చెప్పిందంతా విని, "ఎవరికి చెప్పారు?" అంది.

"అంకుల్‌కి."

"నా బట్టలు చూసింది ఆయనొక్కడేనా భయ్యా?"

ఆ పూటే సొసైటీ వాట్సాప్ గ్రూపులో అంతా రాశాను. నా తప్పనీ, దీదీ చెప్పింది నిజమనీ. పన్నెండు మంది బొటనవేలు బొమ్మలు పెట్టారు. ఒకాయన "కంగ్రాట్స్! ఏ కంపెనీ మిషన్ సార్?" అని అడిగాడు. బాత్రూంలోకి తీసుకెళ్ళిన ఇద్దరిలో ఒకావిడ దణ్ణం బొమ్మ పెట్టింది. దీదీ గురించి ఒక్కరూ ఒక్క మాట రాయలేదు.

దీదీ పేరు మళ్ళీ చేర్చుకోమని ఏజెన్సీకి వెళ్ళాను. ఫిర్యాదు చేసినాయన సంతకం చేసిన లెటర్ కావాలన్నారు. రెండుసార్లు అడిగాను, అంకుల్ పెట్టలేదు. మూడోసారి తలుపు తియ్యలేదు.

ఆ సంగతి చెప్పడానికి మళ్ళీ చిల్లా వెళ్ళాను. దీదీ కూర్చోమనలేదు. తరుగుతూనే "ఠీక్ హై" అంది. "మాజీ ఎలా ఉంది?" అని అడిగింది.

ఎవరు పెట్టినా తినడం లేదనీ, కొత్త ఆయా చేతులు కట్టేస్తోందనీ, పోయిన వారం ముక్కులోంచి గొట్టం వేశారనీ చెప్పాను.

దీదీ కత్తి పక్కన పెట్టింది. బట్టలు విప్పించిన రోజు కూడా ఏడవని మనిషి, అప్పుడు ఏడ్చింది.