ఒక నెంబరుకి ఒక్క మనిషి

మా మామిడి రైతుల సంఘం ఆఫీసులోని పాత డేటాబేస్‌కి ఒక మొండితనం ఉండేది. ఫోన్ గడిలో పది అంకెలు పడితే తప్ప రైతు పేరు సేవ్ కానిచ్చేది కాదు. చిన్న తోటల వాళ్ళలో చాలామందికి అప్పట్లో ఫోన్ లేదు. ఉన్నవాళ్ళు సీజన్‌కొక సిమ్ మార్చేవారు. ఎండన పడి వచ్చిన మనిషిని వెనక్కి పంపలేక, ఆ గడిలో నా నెంబరే కొట్టేదాన్ని. అలా పన్నెండేళ్ళలో అరవై మూడు మందికి నా నెంబరు పడింది.

దాంతో సంఘం లారీ కాయ కోసం ఏ రోజు ఏ ఊరు వస్తుందో చెప్పే మెసేజ్‌లు అరవై మూడూ నా ఫోనుకే వచ్చేవి. నేను వాళ్ళ పక్కింటికో, బడ్డీకొట్టుకో ఫోన్ చేసి, మనిషిని పిలిపించి చెప్పేదాన్ని. ఇది నా ఉద్యోగం కాదు, ఎవరూ చేయమనలేదు. అమ్మ పోయాక నూజివీడులో రెండు గదుల్లో ఒక్కదాన్నే ఉంటున్నాను. వేళకి వండుకు తింటాను, టీవీతో పోట్లాడతాను. ఆ ఫోన్లే లేకపోతే కొన్ని ఆదివారాలు నా గొంతు నాకే వినబడదు.

ఈ ఏడు చెట్లు పిందె మీద ఉండగా కొత్త సిస్టమ్ వచ్చింది. పాత డేటా అంతా అందులోకి ఎక్కించి చూస్తే అరవై రెండు మంది లేరు. హైదరాబాదులో ఉన్న ఇంజనీరుకి ఫోన్ చేస్తే తాపీగా చెప్పాడు.

"కొత్తదాంట్లో ఫోన్ నెంబరే మనిషికి గుర్తండీ. ఒక నెంబరుకి ఒక్క మనిషే. మిగతావాళ్ళని డూప్లికేట్లనుకుని కలిపేసింది."

తెర మీద అరవై మూడు తోటలూ నా నెంబరు కింద ఒకే వరసలో ఉన్నాయి. కుండీలో మొక్క కూడా లేని నేను నూజివీడులోకెల్లా పెద్ద రైతునయ్యాను. నవ్వొచ్చింది, ఆ వెంటనే భయం వేసింది. కోతలకి ఎన్నో రోజులు లేవు. కొత్తదాంట్లో పేరు లేకపోతే ఆ తోటకి లారీ వెళ్ళదు, కాయ చెట్టు మీదే పండి రాలిపోతుంది. ఎవరు తీసిన గోతిలో వాళ్ళే పడతారంటారు. నేను తీసిన గోతిలో పాపం వాళ్ళు పడ్డారు.

రెండు వారాలు ఫోన్లు చేశాను. ఇప్పుడు దాదాపు అందరికీ సొంత నెంబర్లున్నాయి, లేని ఒకరిద్దరికి ఇంట్లోవాళ్ళవి తీసుకున్నాను. ఇన్నాళ్ళూ అడగకపోవడం నా తప్పే, అడగాలని నాకనిపించలేదు మరి. నెంబర్లు ఎక్కించేకొద్దీ ఒక్కొక్కరే నా వరసలోంచి వెళ్ళిపోయారు. మంచి పనే చేస్తున్నానని తెలుసు. అయినా దిగులుగా ఉండేది.

చివరికి చాట్రాయి దగ్గర పది చెట్లున్న ఒక మామ్మగారు మిగిలారు. ఎప్పటిలాగే వాళ్ళ వీధిలోని టీకొట్టుకి ఫోన్ చేసి పిలిపించాను.

"మామ్మగారూ, మీ ఇంట్లో ఎవరికైనా ఫోనుందాండీ?"

"నాకే ఉందమ్మా. మా కోడలు కొనిపెట్టి రెండేళ్ళయింది."

"మరి చెప్పలేదేంటండీ?"

"చెప్తే నువ్వు చెయ్యవు కదమ్మా," అన్నారావిడ.

నాకు ఏడుపొచ్చింది. ఒక్క మనిషిని నా నెంబరు మీద ఉంచుకోవడానికి కొత్త సిస్టమ్ కూడా ఒప్పుకుంటుంది. ఆశ పడ్డాను, అబద్ధమెందుకు. కానీ నేను జ్వరంతో పడుకున్న రోజున లారీ వస్తే ఆవిడ కాయ ఏం కావాలి? నెంబరు చెప్పించుకుని ఎక్కించేశాను.

ఆ ఆదివారం నా ఫోనుకి ఒక్క మెసేజూ రాలేదు. మధ్యాహ్నం దాకా చూసి, నేనే మామ్మగారి నెంబరుకి చేశాను.

"లారీ ఎప్పుడంటమ్మా?" అన్నారు.

"లారీ గురించి కాదండీ," అన్నాను. "ఊరికే చేశాను."