శబ్దం పులికాట్ దాటి వచ్చేదాకా

మా తమ్ముడు పోయాడు. తిరుపతి ఆసుపత్రి నుంచి ఫోను వచ్చినప్పుడు నేను సూళ్లూరుపేటలో మా మేడ మీద వాడి లుంగీలు ఆరేస్తున్నాను. ముందు రోజు సాయంత్రం వాడే నన్ను ఇంటికి పంపాడు. "ఒక పూట పండుకోని రాక్కా, ఉతికిన బట్టలు తీసుకురా" అన్నాడు. గుండె ఆగిపోయిందని ఎవరో అమ్మాయి మెల్లగా చెప్పింది. "సరేనమ్మా" అన్నాను. చేతిలో ఉన్న లుంగీని తీగ మీద వేసి, క్లిప్పు పెట్టి, అప్పుడు కూర్చున్నాను.

వాడి వీడియోలు చూసేవాళ్ళు ఇప్పటికీ ఫోన్లు చేస్తున్నారు. వాళ్ళలో వాడి ముఖం చూసినవాళ్ళు లేరు. ఎప్పుడూ కెమెరా వెనకే ఉన్నాడు. అందుకని ఈ నాలుగు మాటలు.

అమ్మ పోయేనాటికి వాడింకా పలక పట్టలేదు. నేనే పెంచాను. నాయన కూడా పోయాక ఇంట్లో మేమిద్దరమే మిగిలాం. పెళ్ళిళ్ళకు వీడియోలు తీసి బతికేవాడు. ఆ పని తగ్గాక ఆన్‌లైన్లో సొంత చానల్ పెట్టుకున్నాడు. అంతా మా మేడ మీదనుంచే.

మా ఊరికి రాకెట్ కొత్త కాదు. శ్రీహరికోటలో ఎగిరే రోజున కూర దించి మేడ ఎక్కుతాం, చూసి దిగి మళ్ళీ పొయ్యి వెలిగిస్తాం. ముందు వెలుగు కనబడుతుంది. మధ్యలో పులికాట్ సరస్సు ఉంది, శబ్దం కాసేపటికి గానీ రాదు. "అది పులికాట్ దాటుకోని నడిచి రావాల కదక్కా" అనేవాడు. ఆ కాసేపే వాడికి కావలసింది. ఊరంతా రాకెట్‌ను తీస్తుంటే వాడు దానికి వీపు పెట్టి మమ్మల్ని తీసేవాడు. వెలుగు కనబడగానే ఎడమ అరచెయ్యి పైకెత్తేవాడు. ఇక శబ్దం వచ్చి కిటికీ అద్దాలు గలగలమనేదాకా ఎవరూ నోరు మెదపకూడదు.

మేముండేది మేడ మీది గదిలో. కింది వాటాలో ఉండే పెద్దమ్మకు నోరు మెదపకుండా ఉండడం కష్టం.

"ఒరేయ్, రాకెట్టు ఆడ పోతా ఉంటే ఈడ మా మొగాలు తీస్తావేందిరా? మా మొగాల్లో ఏముండాది?"

"రాకెట్టును తీసేదానికి శానామంది ఉండారు పెద్దమ్మా. నీ నోరు మూతబడేది ఈ కాసేపే. ఇది పోతే మళ్ళా యాడ దొరకతాది?"

"సూడు పెద్దపాపా, నీ తమ్ముడి మాటలు!" అని ఆమె నాకు ఫిర్యాదు చేసేది. మళ్ళీ రాకెట్ రోజుకు అందరికంటే ముందు తల దువ్వుకుని మేడ ఎక్కేది ఆమే.

నా ముఖం వీడియోలో పెట్టే ముందు ప్రతిసారీ నన్ను అడిగేవాడు. ఆ కాసేపు నేను కళ్ళు మూసుకుని మా ఊరి అమ్మవారు చెంగాళమ్మను తలుచుకుంటాను. "మొక్కుకో అక్కా, పెదాలు కదిలితే సౌండు రాదులే" అనేవాడు. తీసే ముందు ఇంట్లో ఫ్రిజ్ ఆపేవాడు, దాని రొద రికార్డులో పడుతుందని. తిరిగి వేయడం ఒక్కనాడూ గుర్తుండేది కాదు. మా ఇంట్లో ఎన్ని పాలు విరిగాయో చెప్పలేను.

ఎందుకురా ఇదంతా అని ఒకసారి అడిగాను. "వెలుగు కనపడినాది. అది నిలబడతాదో లేదో ఇంకా తెలీదు. ఆ కాసేపు పెద్దోళ్ళు గూడా పసిబిడ్డల మాదిరి ఉంటారక్కా" అన్నాడు.

తర్వాత హైదరాబాదు నుంచి ఒక పెద్ద టీవీ వాళ్ళు వచ్చారు. వాడు తీసినవి వారం వారం వేస్తామన్నారు, రాకెట్ రోజున మా మేడ నుంచి లైవ్ ఇమ్మన్నారు. ఎడిటింగ్ మాత్రం వాళ్ళది. వాడు ఒప్పుకున్నాడు. "నేను పెట్టేది ఫోన్ ఉండేటోళ్ళే సూస్తారు. టీవీ అందరింట్లో ఉండాది కదక్కా" అన్నాడు.

మొదటి కార్యక్రమం పెద్దమ్మ ఇంట్లో కూర్చుని చూశాం. వెలుగు కనబడిందో లేదో డప్పులు మోగాయి. ఎవరో గట్టిగా అరుస్తూ చెబుతున్నాడు. మూసిన నా కళ్ళ కింద 'రాకెట్ కోసం మహిళ ప్రత్యేక పూజలు' అని అక్షరాలు పరుగెత్తాయి. వాడు తల దించుకున్నాడు.

"పోనీలేరా, నేను మొక్కుకునేది నిజమే కదా."

"నిన్ను అడగకుండా పేరు పెట్టినారక్కా."

అక్కడి కార్యక్రమాలు చూసే మేడమ్‌కు ఫోన్ చేసి అడిగాడు. ఆమె మంచిదే. "టీవీలో సౌండ్ ఆగితే సెట్ పాడైందనుకుని జనం చానల్ మార్చేస్తారండి" అంది.

"ముందు మాట్లాడుకోండి మేడమ్, ఎనక మాట్లాడుకోండి. మధ్యలో ఆ కాసేపు ఇడిచిపెట్టండి, సాలు."

ఫోన్ చేసినప్పుడల్లా వాడిది అదే మాట. చివరికి ఒక లైవ్‌కు ఆమె సరేనంది.

ఆ రోజు మోకాళ్ళ నొప్పితో పెద్దమ్మ మేడ ఎక్కలేదు, కిందే టీవీ పెట్టుకుంది. మేడ మీద వాడు చెయ్యెత్తాడు. పక్క మేడల వాళ్ళు కూడా వాడి చెయ్యి చూసి ఊరుకున్నారు. శబ్దం వచ్చింది. అద్దాలు గలగలమన్నాయి. "అయింది అక్కా" అన్నాడు. మెట్లు ఒక్క పరుగున దిగాడు.

"పెద్దమ్మా, ఎట్లుండాది?"

"శానా బాగుండాదిరా అబ్బయ్యా. మధ్యలో ఆ వీణ ఎవురు వాయించినారు?"

జరిగింది తర్వాత తెలిసింది. మేడమ్ అందరికీ చెప్పింది గానీ, అప్పుడే డ్యూటీ మారి వచ్చిన అతనికి చెప్పలేదు. మాట రాకపోయేసరికి లైను తెగిందనుకుని, అలాంటప్పటి కోసం ఉంచిన సంగీతం వేసేశాడు. అది విని మా తమ్ముడు మెట్ల మీద కూలబడి కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వాడు.

"ఆయప్ప తప్పు కాదులే అక్కా. సౌండు లేకుంటే ఏదో తెగిపోయినాదనుకోవడమే ఆయప్ప పని."

ఆ పూట మాత్రం అన్నం సగంలోనే చెయ్యి కడుక్కున్నాడు.

ఆ తర్వాత మళ్ళీ అడగలేదు. వాళ్ళకు పంపేది పంపుతూనే ఉన్నాడు, ఆ కాసేపున్న అసలు వీడియో తన చానల్లో పెట్టుకునేవాడు. ఈ మధ్య మెట్లు ఎక్కితే ఆయాసం వచ్చేది. ఆఖరుసారి తీసిన వీడియో వాళ్ళకు పంపాడు గానీ, తన చానల్ కోసం ఎడిట్ చేయకుండానే ఆసుపత్రికి వెళ్ళాడు.

పెద్దకర్మ అయ్యాక మేడమ్ ఫోన్ చేసింది. "ఆ ఆఖరి వీడియో వేస్తామమ్మా. వెనక ఏం పెట్టమంటారు? మంచి భక్తి సంగీతం ఉంది" అంది.

"ఏమీ వద్దమ్మా" అన్నాను. "వాడు అడిగింది వాడికివ్వండి."

ఆమె సరేనంది. "ఈసారి కంట్రోల్ రూములో నేనే కూర్చుంటాను" అంది.

ఆ సాయంత్రం దీపం పెట్టి, టీవీ ముందు కూర్చోబోయి, మళ్ళీ లేచి ఫ్రిజ్ ఆపాను.

తెర మీద మా మేడ. పెద్దమ్మ, నేను, మా వెనక మా గది కిటికీ. మా ముఖాల మీద వెలుగు పడింది. పెద్దమ్మ నోరు మూతబడింది. డప్పు లేదు, వీణ లేదు.

కింది నుంచి కేక వినిపించింది. "పెద్దపాపా! మా టీవీలో మాట రాలా. మీదాంట్లో వస్తా ఉండాదా?"

నా ఎడమ చెయ్యి దానంతట అదే పైకి లేచింది. ఖాళీ గదిలో, ఎవరూ లేని గుమ్మం వైపు.

అప్పుడు వినబడింది. కెమెరాకు దగ్గరగా, మెట్లెక్కి వచ్చిన ఆయాసంతో, వాడి ఊపిరి. ఆ కాసేపూ అదే ఉంది, ఇంకేమీ లేదు.

తర్వాత శబ్దం పులికాట్ దాటి వచ్చింది. టీవీలో మా కిటికీ అద్దాలు గలగలమన్నాయి. తల తిప్పి చూశాను. గదిలో కిటికీ కదలకుండా ఉంది.