గోదావరి ఇసుకలో ఎర్ర పేలిక

ఉద్యోగం నుంచి రిటైరైన తర్వాత పిట్టలను చూడడం అలవాటైంది. మహబూబాబాద్ నుంచి ఏ ఊరికి బయలుదేరినా సంచిలో డైరీ పక్కన బైనాక్యులర్స్ పెట్టుకుంటాను. ఆ వేసవిలో మహదేవపూర్ దగ్గర చుట్టాలింటికి వెళ్లినప్పుడు, తెల్లవారగానే నేనూ నా భార్యా గోదావరిలోకి దిగాం. నీళ్లు అవతలి ఒడ్డుకు జరిగిపోయి, ఇవతలంతా ఇసుక తేలి ఉంది.

గులకరాళ్ల మధ్య తీతువు పిట్ట గుడ్లు నాలుగు కనిపించాయి. రాళ్ల రంగే వాటిది. చూపు పక్కకు తిప్పితే మళ్లీ దొరకవు. తిరిగొచ్చేటప్పుడు ఎక్కడ తొక్కుతామోనని నా భార్య పక్కన ఒక పుల్ల గుచ్చి, సంచి మూతికి కట్టిన ఎర్ర పేలిక విప్పి దానికి చుట్టింది.

ఒడ్డున తుమ్మచెట్టు కింద చేరాక తల్లి పిట్ట వచ్చి గుడ్ల మీద వాలింది. ఎండ ముదిరేకొద్దీ అది లేచి రెక్కలు దించి నీడ పట్టేది, మళ్లీ కూర్చునేది. నేనూ లేవడం, కూర్చోవడం.

"గా పిట్టకంటే గుడ్లున్నయ్. నీకేమైంది?" అంది నా భార్య.

అంతలో ఒక మేకల మంద ఒడ్డు దిగింది. వెనక కర్ర పట్టుకుని నడివయసు ఆమె. అంత ఇసుక ఉండగా మందను నేరుగా ఆ పేలిక వైపే తోలుతోంది. ఎందుకో అప్పుడు అర్థమైంది. ఇక్కడ ఇసుకలో నీళ్ల కోసం చెలిమె తవ్విన వాళ్లు, వెనక వచ్చేవాళ్లకు గుర్తుగా పుల్లకు ఇలాగే పేలిక కడతారు.

చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తాను. ఇసుక కాలుతోంది. తీతువు లేచి నెత్తిన తిరుగుతూ అరుస్తోంది.

"ఆగమ్మా! మేకలను ఆపు!"

"ఎందుకాపాలె? గోదారి నీ జాగీరా? పొద్దుగాల్నుంచి నా మేకలకు నోట్ల తడి లేదు. చెలిమెకు కావలి గూసున్నవా, పెద్దమనిషీ?"

"చెలిమె లేదు, గుడ్లున్నయ్!"

"గుడ్లా? ఇసుకల కోళ్లు సాదుతున్నవా?"

నా భార్య రొప్పుతూ వచ్చింది. "చెల్లె, గా పేలిక నేనే కట్టిన. తీతువు గుడ్లున్నయ్. జర మేకల మలుపు."

ఆమె "హుయ్" అని అదిలించింది. ముందున్న మేకపోతు అప్పటికే గులకరాళ్లలోకి వచ్చేసింది. కొమ్ము పట్టి ఇవతలికి లాగాను. అప్పటికే దాని కాలి కింద ఒక గుడ్డు చితికింది. మూడు మిగిలాయి.

"మరి నా మేకలకు నీళ్లెట్ల?" అందామె. అడగవలసిన మాటే. ముగ్గురం కాస్త దూరంలో వంగి ఇసుక తవ్వాం. ఆమె పుల్ల పీకి తెచ్చి అక్కడ గుచ్చింది. మనుషులుంటే పిట్ట దిగదు, తాగనిదే మేకలు కదలవు. అటు గుడ్లు ఎండలో కాగుతున్నాయి. చెలిమెలోకి చూడడం, ఊరని నీళ్లను తిట్టుకోవడం, ఆకాశంలోకి చూడడం.

"ఊరాలె గదా అన్నా! తిడితే వస్తయా నీళ్లు?" అంది మేకలామె.

మెల్లగా ఊరాయి. మేకలు వంతులవారీగా తాగాక ఆమె మందను తోలుకుపోయింది. మేము వెనక్కి చూస్తూ ఒడ్డుకు చేరాం.

తీతువు చాలాసేపు చుట్టూ తిరిగి దిగింది. గుడ్ల దగ్గరికి పోలేదు. చెలిమె అంచుకు నడిచి, మేకలు మిగిల్చిన నీళ్లలో పొట్ట తడుపుకుంది. తర్వాత వెళ్లి, చితికిన పెంకును ముక్కుతో పట్టి దూరంగా పడేసి, ఆ తడి పొట్టతో, కాగిపోయిన మూడు గుడ్ల మీద కూర్చుంది.